టీములోకి కొత్తోడొస్తే: ర్యాగింగ్ లేకుండా కలుపుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కబడ్డీ టీములకు కొత్తవాళ్లు ఏడాదిలో రెండు దఫాలుగా వస్తారు. కాలేజీ టీముకైతే అడ్మిషన్లు ముగిశాక, ఊరి టీముకైతే సంక్రాంతి పోటీలు దగ్గరపడే రోజుల్లో. "కాస్త ఆటపట్టించండ్రా, అప్పుడే మనోడవుతాడు" అని పాతకాపులెవరో అననే అంటారు. గుంజీలు తీయించడం, చొక్కా విప్పించి గ్రౌండు చుట్టూ తిప్పడం, అమ్మాయిల హాస్టల్ ముందు పాట పాడించడం, మందు పార్టీ ఇప్పించుకోవడం ఆ మాట దగ్గరే మొదలవుతాయి. ఇందులో ఏ ఒక్కటీ ఒప్పుకోదగ్గది కాదు. ఎందుకు కాదో, దాని బదులు మొదటి రెండు వారాలు ఏం చేయాలో, ఇప్పటికే జరిగిపోయి ఉంటే ఎలా నడుచుకోవాలో ఇక్కడ రాస్తున్నాం. ఉదాహరణకు కబడ్డీని తీసుకున్నా, వాలీబాల్ టీముకీ నాటక సమాజానికీ కోలాట బృందానికీ హాస్టల్ గదికీ పద్ధతి ఇదే.

కష్టపెట్టడానికీ అవమానించడానికీ గీత ఎక్కడ

కబడ్డీని ఒళ్లు నొయ్యకుండా నేర్పలేం. మోచేతులు చీరుకుపోతాయి, తొడలు పట్టేస్తాయి. అందుకే "మేం చేయించేది ట్రైనింగే" అని తప్పించుకోవడం సులువు. తేడా తేల్చుకోవడానికి కెప్టెన్ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పని కూతకో పట్టుకో పనికొస్తుందా? పాతవాళ్లు కూడా ఇదే పని, ఇంతే సేపు చేస్తున్నారా? కొత్తోడు వద్దంటే రేపు కూడా టీములో ఇదే చోటు ఉంటుందా? పీడీ (వ్యాయామ శిక్షకుడు) సారో, ఆ పిల్లాడి అమ్మానాన్నలో గట్టు మీద నిలబడి చూస్తున్నా ఇలాగే చేయిస్తామా? నాలుగింట్లో ఒక్కదానికి "లేదు" అని జవాబొచ్చినా ఆ పని ఆపేయాలి.

మూడో ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. "వాడే ఒప్పుకున్నాడు కదా" అన్న మాట ప్రతి గొడవలోనూ వినపడుతుంది. రాత్రి పదింటికి తలుపేసిన గదిలో పన్నెండుమంది సీనియర్ల మధ్య నిలబడిన పద్దెనిమిదేళ్ల పిల్లాడు "సరే అన్నా" అంటే అది ఒప్పుకోవడం కిందికి రాదు. కాదంటే జెర్సీ రాదని, మెస్సులో పక్కన ఎవరూ కూర్చోరని వాడికి తెలుసు. తల ఊపేది అందుకే.

ఇంకోటి "ఇంట్రో". పేరు, ఊరు అడిగితే తప్పులేదు. పేరు చెప్పగానే "ఇంటిపేరేంది?" అని, అదీ తెలిశాక "మీరేవుట్లు?" అని అడిగేది కులం ఆరా తీయడానికేనని మన వైపు అందరికీ తెలుసు. టీముకు దాంతో పనిలేదు. ఒంటి రంగు, యాస, నాన్న చేసే పని కూడా అంతే. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2016లో తన నిబంధనలను సవరించి కులం, మతం, రంగు, రూపం, ప్రాంతం, భాష, ఆర్థిక స్థితి వంటివాటి మీద ఎత్తిపొడవడాన్ని పేరుపెట్టి ర్యాగింగులో చేర్చింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థిని నలుగురిలో కులం పేరుతో తిడితే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది.

చట్టం ఏమంటుంది

ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. విద్యార్థికి అవమానం, చికాకు, భయం, బెదిరింపు, గాయం కలిగించే పనీ, కలిగించే అవకాశమున్న పనీ ర్యాగింగే. దెబ్బ తగలక్కర్లేదు. శిక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఎగతాళి, అవమానం అయితే 6 నెలల దాకా జైలు. కొట్టడం, బెదిరించడం అయితే ఏడాది. గదిలో బంధించినా గాయపరిచినా 2 ఏళ్లు. తీవ్ర గాయం, అపహరణ, అత్యాచారం అయితే 5 ఏళ్లు. ప్రాణం పోయినా, ఆత్మహత్యకు దారితీసినా యావజ్జీవం లేదా 10 ఏళ్ల దాకా. వీటిలో జరిమానా కూడా ఉంటుంది. ఫిర్యాదు అందాక పట్టించుకోని ప్రిన్సిపాల్‌ను నేరానికి తోడ్పడినవాడిగానే చట్టం లెక్కగడుతుంది.

యూజీసీ 2009 నిబంధనలు డిగ్రీ, ఇంజనీరింగ్ స్థాయి నుంచి పైకి వర్తిస్తాయి. మెడికల్ కాలేజీలకు జాతీయ మెడికల్ కమిషన్ 2021లో విడిగా నిబంధనలు తెచ్చింది. ఇంటర్ కాలేజీ యూజీసీ కిందికి రాదు గానీ రాష్ట్ర చట్టం కిందికి వస్తుంది, హాస్టల్ కూడా వస్తుంది. ఆటగాళ్లకు సూటిగా తగిలే శిక్ష ఒకటి యూజీసీ నిబంధనల్లో ఉంది: కాలేజీ తరఫున ఏ టోర్నమెంటులోనూ ఆడకుండా నిషేధించొచ్చు. ఎవరు చేశారో తేలకపోతే గుంపు మొత్తానికీ కలిపి శిక్ష వేయొచ్చు. గోడకానుకుని చూస్తూ నిలబడ్డవాడు "నేనేం చేయలేదు" అంటే సరిపోదు.

ఊరి టీముకు ఈ చట్టాలు రావు, అక్కడ కాలేజీ లేదు కాబట్టి. అంతమాత్రాన ఖాళీ ఏమీ లేదు. భారతీయ న్యాయ సంహితలో గాయపరచడానికి సెక్షన్ 115, బంధించడానికి 127, బెదిరించి డబ్బు గుంజడానికి 308, బెదిరింపులకు 351 ఉన్నాయి. పిల్లాడికి పద్దెనిమిదేళ్లు నిండకపోయి బట్టలు విప్పించడం లాంటిది జరిగితే పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కూడా రావచ్చు.

పనిచేసినట్టు ఎందుకు కనపడుతుంది

ర్యాగింగ్ అయినవాళ్లలో కొందరు తర్వాత "దానివల్లే కలిసిపోయాం" అంటారు. అబద్ధమేమీ చెప్పరు, వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. 1959లో అమెరికాలో ఏరన్సన్, మిల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. ఒక చర్చా బృందంలో చేరడానికి కొందరు అమ్మాయిలకు బాగా ఇబ్బందిపెట్టే పరీక్ష పెట్టారు, కొందరికి తేలికది పెట్టారు. తర్వాత అందరికీ ఒకే చప్పని చర్చ వినిపించారు. ఎక్కువ ఇబ్బంది పడ్డవాళ్లే ఆ చర్చ బాగుందన్నారు. ఇంత పడి చేరాక "ఇది పనికిమాలింది" అనుకోవడం మనసుకు కష్టం, అందుకని బాగుందని సర్దిచెప్పుకుంటుంది. చర్చ అయితే చప్పగానే ఉంది. టీము విషయంలోనూ గుంజీల వల్ల పట్టు గట్టిపడదు, పడ్డ బాధకు మనసు ఒక కారణం వెతుక్కుంటుంది. పైగా ఈ లెక్కలో టీము వదిలి వెళ్లిపోయినవాళ్లు ఉండరు. మిగిలినవాళ్ల మాటే వినపడుతుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, అందరికంటే హుషారుగా ర్యాగింగుకు దిగేది నిరుడు పడ్డవాళ్లే. కెప్టెన్ ముందుగా కూర్చోబెట్టి మాట్లాడాల్సింది కొత్తవాళ్లతో కాదు, సెకండియర్ వాళ్లతో. "మీకు జరిగింది తప్పు. అప్పుడు ఆపలేకపోయాం. ఈ ఏడాది నుంచి లేదు" అని ఆ మొదటి మాట ఒప్పుకుని చెప్పాలి. అది చెప్పకుండా నిషేధం పెడితే "మాకు మాత్రం ఎందుకు చేశారు?" అన్న ఉక్రోషం మిగిలిపోతుంది, రాత్రిపూట బయటపడుతుంది.

శరీరానికి ఏం జరుగుతుంది

సరదాగా మొదలైంది ఆసుపత్రి దాకా పోయే దారులు కొన్ని ఉన్నాయి. కెప్టెన్, వార్డెన్ ఇద్దరికీ ఇవి తెలిసి ఉండాలి.

గుంజీలు: అలవాటు లేని పిల్లాడితో వందల కొద్దీ తీయిస్తే తొడ కండరాలు చిట్లి, లోపలి పదార్థం రక్తంలోకి వస్తుంది, మూత్రపిండాలకు అడ్డం పడుతుంది. అదే రోజు తెలియకపోవచ్చు. ఒకటి నుంచి మూడు రోజుల్లో తొడలు రాయిలా బిగుసుకుంటాయి, మెట్లు దిగలేరు, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. ఆ రంగు కనపడిందంటే అదే గంటలో ఆసుపత్రికి. నొప్పి మాత్రలు వేయకూడదు, వాటిలో చాలావరకు మూత్రపిండాలకు మరింత చేటు చేస్తాయి. డాక్టరుకు "గుంజీలు తీయించారు" అని ఉన్నదున్నట్టు చెప్పాలి. జారిపడ్డాడని చెబితే కండరాలు చిట్లాయో లేదో చెప్పే సీకే రక్తపరీక్ష చేయించాలన్న ఆలోచన వాళ్లకు రాదు.

ఎండ: రోహిణి కార్తెలోనే కాదు, మన ఎండకు జూన్, జూలైలో కూడా శిక్షగా రౌండ్లు కొట్టిస్తే వడదెబ్బ తగులుతుంది. తడబడే నడక, పొంతన లేని మాటలు, కాలిపోయే ఒళ్లు గుర్తులు. చెమట పడుతూనే ఉండొచ్చు, అది చూసి మోసపోకూడదు. ముందు నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు కుమ్మరించి గాలి విసరాలి, మెడ కింద, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

మందు: పందెం కట్టి గడగడా తాగించాక "పడుకోనీ, పొద్దునకి దిగుతుంది" అని గదిలో వదిలేయడం వల్లే ప్రాణాలు పోతాయి. కడుపులో ఉన్న మందు ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు దగ్గరే కూర్చోవాలి. లేపినా లేవకపోతే, రెండు ఊపిరుల మధ్య పది సెకన్ల ఎడం వస్తుంటే 108. నిమ్మరసం, మజ్జిగ తాపడం, నోట్లో వేలు పెట్టి కక్కించడం వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చెంపదెబ్బ: అరచెయ్యి చెవి మీద పడితే గాలి ఒత్తిడికి కర్ణభేరి చిల్లుపడుతుంది. చెవిలో హోరు, వినికిడి తగ్గడం, నెత్తురు చుక్క గుర్తులు. ఇంట్లో చేసినట్టు నూనె కాచి పోయకూడదు. పొడిగా ఉంచి చెవి డాక్టరుకు చూపించాలి.

నీళ్లు: పెన్నలో దూకించడం, మైపాడు, కొత్తపట్నం తీరాల్లో అలల్లోకి నెట్టడం అసలు చేయకూడదు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. ఈత వచ్చన్నవాడు కూడా వాటిలో నిలవలేడు.

మొదటి రెండు వారాలు

కొత్తోడు గ్రౌండుకు రాకముందే పాతవాళ్లలో ఒకరిని వాడికి జోడీగా ఎంచాలి. ఒకే స్థానానికి పోటీపడే ఇద్దరిని జోడీ వేయకూడదు, నేర్పేవాడికి నేర్పాలని ఉండదు. వచ్చినవాడు రైడరైతే (కూతకెళ్లేవాడు) కార్నర్ ఆడేవాడిని (మూల నుంచి పట్టేవాడిని) పెట్టాలి. జోడీ పనులు మూడే: ప్రాక్టీసుకు వెంట తీసుకురావడం, మెస్సులో పక్కన కూర్చోవడం, ఏదైనా తేడాగా కనపడితే అదే రోజు కెప్టెన్‌కు చెప్పడం. కెప్టెన్, పీడీ సార్, వార్డెన్ ఫోన్ నంబర్లు ఆ రోజే ఇవ్వాలి. వయసు, పాత గాయాలు, ఆయాసం, ఫిట్స్ ఏమైనా ఉన్నాయా అన్నది పీడీ సార్ విడిగా అడిగి రాసుకోవాలి. నలుగురిలో అడిగితే దాస్తారు.

మొదటి రోజు ముప్పావు గంట చాలు. పాతవాళ్లే ముందు తమ పేరు, ఊరు, ఆడే స్థానం చెప్పాలి. తర్వాత కొత్తోడు అవే మూడు చెబుతాడు. ఇంట్రో అంతటితో అయిపోయింది. "సార్" అనిపించుకోవద్దు, మన వైపు "అన్నా" అన్నది చాలినంత మర్యాద. కోర్టు చూపించండి: మగవాళ్లకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, నడి గీత నుంచి బాక్ లైన్ (కూతకెళ్లినవాడు దాటి తీరాల్సిన గీత) 3.75 మీటర్లు, అక్కడి నుంచి బోనస్ లైన్ (అదనపు పాయింటు గీత) ఒక మీటరు. ఆ తర్వాత పడటం నేర్పాలి. గడ్డం గుండెకు ఆనించి, అరచేతుల మీద కాకుండా భుజం మీదుగా దొర్లడం. పడటం రానివాడిని తొలిరోజే ఏడుగురి మధ్యకు కూతకు తోసి, చేతులు కలిపి చైన్ వేసి పడగొట్టడం కొన్ని టీముల్లో ఆనవాయితీ. మెడ కింది కాలర్ ఎముక విరిగేది అక్కడే.

మూడో రోజు దాకా పట్లు వద్దు. కాలి కదలిక, 30 సెకన్ల కూత, గీతల అంచనా చాలు. నాలుగో రోజు నుంచి వారం చివరిదాకా చీలమండ పట్టు, తొడ పట్టు నడక వేగంతో చేయించాలి. ముందే ఒక గుర్తు నేర్పాలి: నేల మీద గానీ ఎదుటివాడి ఒంటి మీద గానీ చేత్తో రెండుసార్లు తడితే ఎంత పెద్ద సీనియరైనా తక్షణం వదలాలి. ఈ గుర్తును ఎగతాళి చేసినవాడు ఆ రోజు బయట కూర్చోవాలి. ఇందులో కెప్టెన్ ఒక్కసారి మెత్తబడితే ఆ గుర్తు పనికిరాకుండా పోతుంది. రెండో వారం సగం వేగం, చివరి రెండు రోజులు పూర్తి ఆట.

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. కాబట్టి మొదటి వారం కొత్తోడికి పాతవాళ్లలో సగం సేపే. పొద్దున ఏడున్నర లోపు ముగించాలి, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాత మొదలుపెట్టాలి. పావుగంటకొకసారి ఒక గ్లాసు నీళ్లు. ఓఆర్ఎస్ పొట్లాలు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. నీళ్లు ఆపి శిక్షించడం ఏ పరిస్థితుల్లోనూ కూడదు.

సున్నంతో గీతలు గీయడం, 20 లీటర్ల క్యాను మోయడం, మ్యాట్లు పరిచి మళ్లీ సర్దడం ఎవరో ఒకరు చేయాల్సిన పనులే. వీటిని కొత్తవాళ్లకే అంటగట్టడంతోనే చాకిరీ మొదలవుతుంది. వారానికో పట్టిక రాసి గోడకు అంటించండి. మొదటి రోజు పేరు కెప్టెన్‌ది ఉండాలి. సీనియర్ల బట్టలు ఉతకడం, రికార్డులు రాయడం, రీచార్జ్ చేయించడం టీము పనులు కావు, ర్యాగింగే.

పార్టీ విషయం. చేరినవాడు ఇవ్వడం తలకిందులు ఆచారం. ఇంటికి వచ్చినవాడికి ఇంటివాళ్లు పెడతారు. పాతవాళ్లు పదిహేనుమంది తలా వంద వేసుకుంటే పదిహేనువందలు, దాంతో అందరికీ టిఫిన్, టీ వచ్చేస్తాయి. రెండో వారం ఆఖర్న, పగటిపూట, పీడీ సార్ ఉండగా పెట్టుకోండి. కొబ్బరికాయ కొట్టి, కొత్తోడి చేతికి జెర్సీ ఇచ్చి, నంబరు చదివి అందరూ చప్పట్లు కొట్టండి. గుర్తుండిపోయే వేడుక కావాలన్న కోరిక న్యాయమైనదే, అది ఇలా తీరుతుంది. పాటలు, డ్యాన్సులు ఉంటే సీనియర్లే మొదలుపెట్టాలి, ఇష్టమున్నవాడే లేవాలి. ముద్దుపేరు పెడితే వాడు వద్దన్న మరుక్షణం మానేయాలి. వాట్సాప్ గ్రూపులో కూడా.

ఎక్కడ బెసుకుతుంది

గ్రౌండులో బాగున్న టీము కూడా మూడు చోట్ల బెసుకుతుంది: రాత్రి హాస్టల్ గదిలో, టోర్నమెంటుకు పోయే బస్సులో, పోటీల దగ్గర ఇచ్చే బసలో. పెద్దవాళ్లు ఉండని చోట్లు ఇవే. రాత్రి తొమ్మిది తర్వాత కొత్తవాళ్ల గదిలోకి సీనియర్లు పోకూడదని కెప్టెన్ నోటితో చెప్పాలి. బసలో కొత్తవాళ్లను ఒంటరిగా సీనియర్ల గదిలో వేయకుండా ఇద్దరిద్దరుగా, జోడీతో కలిపి వేయాలి.

జరుగుతుండగా ఎదురుపడితే వాదన పెట్టుకోవద్దు. ముందు పిల్లాడిని బయటకు తేవాలి. "ఒరే, ఇట్రా, పీడీ సార్ పిలుస్తుండాడు" అన్న ఒక్క మాట చాలు. వాడు గది దాటాక తలుపు దగ్గర నిలబడి "ఇక ఆపండి, పొద్దున మాట్లాడదాం" అనండి. వాడి ముందే తగాదా పెట్టుకుంటే మీరు వెళ్లాక ఆ కోపం వాడి మీదే తీర్చుకుంటారు.

జరిగిపోతే

అదే రాత్రి రాసిపెట్టాలి: తేదీ, గంట, చోటు, ఎవరెవరు, అన్న మాటలు ఉన్నవున్నట్టు, చూసినవాళ్ల పేర్లు. మెసేజీలను నంబరు, సమయం కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపాలి, అసలువి చెరపకూడదు. దెబ్బల పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీస్తే పరిమాణం తెలుస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే గాయాల కేసుగా) నమోదు చేయమని అడగాలి. ఆ కాగితం తర్వాత పుట్టించలేనిది.

ఫిర్యాదు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోవాలి. యూజీసీ పరిధిలోని కాలేజీల్లో యాంటీ ర్యాగింగ్ కమిటీ, స్క్వాడ్ ఉండి తీరాలి. కాలేజీలో చెప్పడానికి భయమైతే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. పద్దెనిమిది లోపువాళ్లకు పిల్లల హెల్ప్‌లైన్ 1098, ప్రమాదం ఆ క్షణంలోనే ఉంటే 112. పోలీసు స్టేషన్ పరిధి మాది కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే కేసు) రాయమని అడగొచ్చు, అది హక్కు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లాడు సెలవు కాకుండానే ఇంటికొచ్చి "కాలేజీ మాన్పించండి" అంటే "మగపిల్లాడివి, సర్దుకోవాలి" అనకండి. జుట్టు, చేతులు, నడక చూడండి. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాడేమో చూడండి. ప్రశ్నలు తగ్గించి, అన్నం పెట్టి, పక్కన కూర్చోండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఏ రూపంలో వచ్చినా ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఫిర్యాదు తర్వాత పెద్దమనుషులు రాజీకి వస్తారు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపించే పంచాయితీ వద్దు, బాధపడ్డవాడు అక్కడ మళ్లీ అదే గదిలో ఉన్నట్టు బిగుసుకుపోతాడు. విచారణ తేలేదాకా ఆరోపణ ఉన్నవాళ్లు ప్రాక్టీసుకు రాకూడదు, వాళ్లు ఎంత మంచి రైడర్లయినా, పోటీ ఎల్లుండే ఉన్నా. "వీడివల్ల మ్యాచ్ పోయింది" అన్న మాట గ్రూపులో ఒక్కటి కనపడినా కెప్టెన్ అక్కడే ఖండించి, ఆ మెసేజీని పీడీ సార్‌కు పంపాలి. మర్నాడు పొద్దున జోడీ వాడి గదికి వెళ్లి, నీ జెర్సీ నంబరు నీదేనని చెప్పి, ప్రాక్టీసుకు వస్తావా, ఇవాళ్టికి ఊరికే గట్టు మీద కూర్చుంటావా అని అడగాలి. ఏది చెప్పినా సరేనని వెంట ఉండాలి.